పని ప్రదేశ ప్రమాదాల దర్యాప్తు

పని ప్రదేశ ప్రమాదాల దర్యాప్తు అనగా కర్మాగారం, కట్టడం, గని, మురుగు కాలువ వంటి చోట్ల పనిచేసేవారికి జరిగిన ప్రమాదాన్ని ఆధారాలతో పరిశీలించి, దాని మూలకారణాలను కనుగొనే ప్రక్రియ. పోలీసు దర్యాప్తు దీనికి భిన్నమైనది. నిర్లక్ష్యం వలన మరణం సంభవించినప్పుడు పోలీసులు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను (2024 జూలై 1కి ముందు భారత శిక్షాస్మృతి 304-ఎ) క్రింద కేసు నమోదు చేసి, బాధ్యులెవరో తేలుస్తారు. భద్రతా దర్యాప్తు మాత్రం అదే ప్రమాదం మరొక చోట మళ్ళీ జరగకుండా ఏమి మార్చాలో వెదకుతుంది.

ఎల్బీనగర్ ప్రాంతంలో కొన్ని ప్రమాదాలు

హైదరాబాదు తూర్పున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలలో పెద్ద కర్మాగారాలు తక్కువ. ఇక్కడి ప్రమాదాలు ఎక్కువగా కట్టడాలలో, తవ్వకాలలో, మురుగు కాలువలలో జరుగుతున్నవి. 2021 ఆగష్టు 3 రాత్రి వనస్థలిపురం సమీపాన సాహెబ్‌నగర్‌లో మ్యాన్‌హోల్ శుభ్రం చేయుటకు దిగిన కార్మికుడు ఊపిరాడక పడిపోగా, అతనిని రక్షించుటకు దిగిన మరొకరు కూడా మరణించారు. 2023 జూన్‌లో సాగర్ రింగ్ రోడ్డు వద్ద నిర్మాణంలో ఉన్న ఫ్లైఓవర్ ర్యాంపు కాంక్రీటు పోస్తుండగా కూలి పలువురు గాయపడ్డారు. 2025 ఫిబ్రవరిలో ఎల్బీనగర్‌లో సెల్లారు తవ్వుతుండగా మట్టి కూలి ముగ్గురు కూలీలు చనిపోయారు.

తక్షణ కారణం, మూలకారణం

మట్టి కూలడం తక్షణ కారణం. తవ్వకపు అంచులను వాలుగా కోయకపోవడం, ప్రక్క గోడలకు ఊతం కట్టకపోవడం, తవ్విన మట్టిని అంచునే పోయడం వంటివి దాని వెనుక ఉండే కారణాలు. అట్లా ఎందుకు చేశారని ఇంకొక మెట్టు దిగితే స్థలం ఇరుకు, గడువు, ఉపగుత్తేదారుల వరుస, తనిఖీ లేమి కనిపిస్తాయి. మూలకారణాలు సాధారణంగా ఈ చివరి మెట్టులోనే ఉంటాయి. అడ్డా మీద నుండి ఆ పూటకు వచ్చిన కూలీకి ఆ స్థలం గురించి తెలిసినది చాలా తక్కువ. కనుక "కార్మికుని అజాగ్రత్త" అని వ్రాసి ముగించిన నివేదిక, దర్యాప్తును మధ్యలోనే ఆపివేసినట్లు.

ఈ అలవాటుకు పాత చరిత్ర ఉంది. అమెరికాకు చెందిన భీమా ఉద్యోగి హెర్బర్ట్ హైన్రిక్ 1931లో ప్రచురించిన గ్రంథంలో 88 శాతం ప్రమాదాలకు మనుషుల అసురక్షిత చర్యలే కారణమని చెప్పాడు. ఆయన ఆధారపడిన నివేదికలలో అనేకం యజమానుల పక్షాన పర్యవేక్షకులు వ్రాసినవే కావడం వలన ఈ అంకె తరువాతి కాలంలో తీవ్ర విమర్శకు గురైంది.

ప్రధాన పద్ధతులు

అన్నిటిలో సులభమైనది "ఐదు ఎందుకులు". జపాను పారిశ్రామికవేత్త సాకిచి తొయోడా పేరుతో, టొయోటా సంస్థ ద్వారా ఇది ప్రసిద్ధమైంది. మ్యాన్‌హోల్ ప్రమాదానికి దీనిని అన్వయించవచ్చు. ఎందుకు చనిపోయాడు? విషవాయువు వలన. వాయువు ఉన్నట్లు ఎందుకు తెలియలేదు? దిగే ముందు పరీక్షించలేదు. ఎందుకు పరీక్షించలేదు? పరికరం లేదు. ఎందుకు లేదు? గుత్త ధరలో దానిని లెక్కించలేదు. ఎందుకు లెక్కించలేదు? పని అప్పగించినవారు అడగలేదు. ఇది ఉదాహరణ మాత్రమే, సాహెబ్‌నగర్ ఘటనపై తీర్పు కాదు. ఈ పద్ధతిలో లోపం ఏమనగా, ఒకే దారిలో పోతే ప్రక్క దారులు మరుగవుతాయి. అసలు మనిషి ఎందుకు దిగవలసి వచ్చింది, యంత్రం ఎందుకు రాలేదు, రెండవ వ్యక్తి శ్వాస పరికరం లేకుండా ఎందుకు దిగాడు అన్నవి వేర్వేరు ప్రశ్నలు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువైనది. మోతాదు పెరిగినప్పుడు అది వాసన పసిగట్టే శక్తినే మొద్దుబారుస్తుంది. కాబట్టి వాసన లేదన్న ధైర్యంతో దిగడం ప్రాణాంతకం.

ఇషికావా చేపముల్లు చిత్రంలో మనుషులు, యంత్రాలు, పద్ధతి, సామగ్రి, పరిసరాలు అనే కొమ్మల క్రింద కారణాలు వ్రాస్తారు. 1962లో బెల్ ప్రయోగశాలలో క్షిపణుల కొరకు రూపొందిన దోష వృక్ష విశ్లేషణ, ప్రమాదాన్ని శిఖరాన ఉంచి, ఏ లోపాలు కలిస్తే అది జరుగుతుందో క్రిందికి గీస్తూ పోతుంది. సెంట్రింగు కూలిన సందర్భాలకు ఇది బాగా పనికివస్తుంది. జేమ్స్ రీజన్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన నమూనాకు రంధ్రాలున్న స్విస్ జున్ను ముక్కలు ఉపమానం. (మన జున్ను వేరు. వరుసగా ఉన్న తలుపులన్నీ ఒకేసారి తెరచి ఉండడం అనుకుంటే సరిపోతుంది.)

ఎల్.జి. పాలిమర్స్ ఉదాహరణ

తెలుగునాట వివరంగా దర్యాప్తు జరిగిన ఘటనలలో విశాఖపట్నం ఎల్.జి. పాలిమర్స్ దుర్ఘటన ముఖ్యమైనది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతస్థాయి కమిటీ జూలై 6న నివేదిక సమర్పించింది. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉండడంతో పైభాగంలో పెరిగిన వేడి నమోదు కాలేదు. 2019 డిసెంబరులో గొట్టాల అమరికలో చేసిన మార్పు వలన లోపలి ద్రవం సరిగా కలియలేదు. శీతలీకరణను రాత్రివేళ ఆపివేసేవారు. ప్రజలను హెచ్చరించవలసిన సైరను మ్రోగలేదు. వీటిలో ఏ ఒక్కటీ ఆ రాత్రి పనిలో ఉన్న ఉద్యోగి మీదికి నెట్టదగినది కాదు.

దర్యాప్తు జరిపే తీరు

క్షతగాత్రులను తరలించిన వెంటనే స్థలాన్ని కదపకుండా కాపాడి, ఫోటోలు, కొలతలు తీసుకోవాలి. సాక్షులను విడివిడిగా, వీలైనంత త్వరగా, మేస్త్రీ లేదా గుత్తేదారు ఎదుట లేకుండా విచారించాలి. రోజు కూలి పోతుందన్న భయం ఉన్నవాడు యజమాని ముందు నిజం చెప్పడం అరుదు. హైదరాబాదు కట్టడాలలో వలస కూలీలు అధికం గనుక ఒడియా, హిందీ, బెంగాలీ తెలిసినవారు కూడా అవసరం. ఆ తరువాత హాజరు పట్టీ, పని అనుమతి పత్రాలు, నక్షాలు చూసి ఘటనల కాలక్రమాన్ని కూర్చుతారు. సిఫారసులలో ప్రమాద హేతువును పూర్తిగా తొలగించేవి మొదట, హెల్మెట్టు, చేతి తొడుగుల వంటివి చివర ఉండాలి. మనిషి దిగనవసరం లేని యంత్రం, ముసుగు కంటే మేలు.

చట్టం

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షను ప్రకారం మరణం సంభవిస్తే అధికారి నోటీసు అందిన నెలలోపు విచారణ జరపవలసి ఉండేది. భవన నిర్మాణ కార్మికులకు 1996లో వేరే చట్టం వచ్చింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఈ రెండింటి స్థానాన్ని తీసుకుంది. రక్షణ లేకుండా మురుగు కాలువలలోకి మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అట్టి మరణాలకు సుప్రీంకోర్టు 2014లో నిర్ణయించిన 10 లక్షల రూపాయల పరిహారాన్ని 2023 అక్టోబరు 20న 30 లక్షలకు పెంచింది.