ఒకసారి కాదన్నంత మాత్రాన: ఉరిశిక్ష, రాష్ట్రపతి క్షమాధికారం

ఉరిశిక్ష పడిన ఖైదీ రాష్ట్రపతికి పెట్టుకునే అర్జీని తెలుగు పత్రికలు 'క్షమాభిక్ష' అర్జీగా వ్యవహరిస్తాయి. ఈ మాటలో ఒక దాత ఉన్నాడు, ఒక యాచకుడు ఉన్నాడు. హక్కుకు గానీ, బాధ్యతకు గానీ ఇందులో చోటు లేదు. చంపించే అధికారమూ విడిపించే అధికారమూ ఒక్కడివే అయిన రాచరికానికి ఆ మాట సరిగ్గా సరిపోతుంది. రాజ్యాంగం అమల్లో ఉన్న గణతంత్రానికి అది ఎంతవరకు సరిపోతుందన్న ప్రశ్నకు తెలుగు నేలపై జరిగిన మూడు ఉదంతాల్లో కొంత సమాధానం దొరుకుతుంది.

ఇంగ్లండు న్యాయ సంప్రదాయంలో నేరమంటే రాజుగారి శాంతికి భంగం. కాబట్టి మన్నించే అధికారమూ రాజుదే. ఆ సంప్రదాయం బ్రిటిషు పాలనతో పాటు భారతదేశానికి వచ్చింది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం 295వ సెక్షన్ మరణశిక్షను తగ్గించే అధికారాన్ని గవర్నర్ జనరల్‌కు దఖలు పరిచింది. స్వతంత్ర భారత రాజ్యాంగం 72వ అధికరణం ద్వారా రాష్ట్రపతికి, 161వ అధికరణం ద్వారా గవర్నర్‌కు క్షమాధికారాన్ని ఇచ్చింది. అయితే 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. ఖైదీ అర్జీ మొదట చేరేది కేంద్ర హోం శాఖకు. రాష్ట్రపతి ముందుకు వచ్చేసరికి ఆ ఫైలులో ప్రభుత్వ అభిప్రాయం కూడా ఉంటుంది. రూపంలో రాజరికపు అధికారమే అయినా, అది నడిచే తీరు మాత్రం సచివాలయానిది.

అమెరికాలో పద్ధతి వేరు. ఫెడరల్ నేరాల విషయంలో అధ్యక్షుడు ఎవరి సలహాకూ కట్టుబడనక్కరలేదు. కానీ ఆ అధికారపు స్వభావాన్ని స్పష్టంగా నిర్వచించినదీ అక్కడి సుప్రీంకోర్టే. అలాస్కాలో ఉరిశిక్ష పడిన ఒక ఖైదీకి అధ్యక్షుడు టాఫ్ట్ 1909లో శిక్షను యావజ్జీవానికి తగ్గించారు. తన సమ్మతి లేకుండా శిక్ష మార్చడం చెల్లదని ఆ ఖైదీ వాదించాడు. 1927లో జస్టిస్ హోమ్స్ ఆ వాదనను తోసిపుచ్చారు. క్షమ అనేది అధికారంలో ఉన్న వ్యక్తి దయతలచి చేసే సొంత పని కాదని, రాజ్యాంగ వ్యవస్థలో ఒక భాగమని ఆయన తీర్పు సారాంశం. అరవై ఏళ్ల తర్వాత భారత సుప్రీంకోర్టు కూడా ఇదే అభిప్రాయాన్ని ఆధారం చేసుకుంది.

మొదటి ఉదంతం తెలంగాణ సాయుధ పోరాట కాలానిది. పోలీసు చర్య తర్వాత నల్లగొండలో ఏర్పాటైన ప్రత్యేక ట్రిబ్యునళ్లు 1949లో పలువురు రైతాంగ పోరాటకారులకు ఉరిశిక్ష విధించాయి. హైదరాబాదు హైకోర్టు ఆ శిక్షలను అదే ఏడాది డిసెంబరులో ఖాయం చేసింది. సుమారు ఆరు వారాలకు, 1950 జనవరి 26న, రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఖైదీల పక్షాన ఇంగ్లండు నుంచి వచ్చిన న్యాయవాది డి.ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో వాదించారు. తీర్పులు రాజ్యాంగానికి ముందే అంతిమమైపోయాయి కనుక అప్పీలుకు వీలు లేదని కోర్టు తేల్చింది. కేవలం ఒక తేదీ కారణంగా న్యాయస్థానం తలుపు మూసుకుంది. మిగిలిన దారి శిక్ష తగ్గింపు ఒక్కటే. దేశ విదేశాల్లో సాగిన ఆందోళన నడుమ ఆ మరణశిక్షలు చివరకు యావజ్జీవంగా మారాయి.

రెండవ ఉదంతానికి అలాంటి ముగింపు లేదు. భూస్వాముల హత్య కేసుల్లో ఆదిలాబాదు జిల్లాకు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లకు 1972లో మరణశిక్ష పడింది. రాష్ట్రపతికి పెట్టుకున్న అర్జీ తిరస్కరణకు గురైంది. వీరి ప్రాణాలు కాపాడాలని వేర్వేరు రాజకీయ పక్షాలవారు, రచయితలు, పౌరహక్కుల కార్యకర్తలు ఉద్యమించారు. ఈలోగా ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికలపై సెన్సారు, సభలపై నిషేధం అమలయ్యాయి. 1951లో ఖైదీలకు అండగా నిలిచిన ప్రజాభిప్రాయానికి 1975లో నోరే లేకుండా పోయింది.

కేసు చివరిసారిగా సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ముందుకు వచ్చింది. రాష్ట్రపతి నిర్ణయంలోని మంచిచెడ్డలను కోర్టు తూచజాలదని చెబుతూ ఆయన పిటిషన్‌ను కొట్టివేశారు. కానీ అదే తీర్పులో మరొక మాట కూడా అన్నారు: ఒక అర్జీని తిరస్కరించినంత మాత్రాన రాష్ట్రపతి అధికారం అంతటితో తీరిపోదు. అంటే మళ్లీ అడగవచ్చు, మళ్లీ ఆలోచించవచ్చు. ఆ మాట ఆ ఇద్దరికీ అక్కరకు రాలేదు. 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైలులో వారిని ఉరితీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది.

మూడవ ఉదంతంలో నేరం తీరే వేరు. 1993 మార్చిలో చిలకలూరిపేట సమీపంలో దోపిడీకి పాల్పడిన ఇద్దరు దళిత యువకులు బస్సులో పెట్రోలు చల్లి నిప్పుపెట్టారు. 23 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. ఇందులో రాజకీయ లక్ష్యం లేదు, సానుభూతికి సులభమైన కారణమూ లేదు. సుప్రీంకోర్టు 1996లో మరణశిక్షను ఖాయం చేసింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ అర్జీని తిరస్కరించారు. 1997 మార్చి 29న ఉరి తీయడానికి ముహూర్తం కూడా నిర్ణయమైంది. చివరి ఘడియల్లో సుప్రీంకోర్టు దానిని నిలిపివేసింది. ఆ వ్యవధిలో కొత్త రాష్ట్రపతి వచ్చారు, మరొక అర్జీ ఆయన ముందుకు వెళ్లింది. 1998లో కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవానికి తగ్గించారు. భూమయ్య, కిష్టాగౌడ్‌ల కేసులో కాగితానికే పరిమితమైన సూత్రం ఇరవై మూడేళ్ల తర్వాత మరో ఇద్దరి విషయంలో ఆచరణకు వచ్చింది.

ఈ మధ్యకాలంలో కోర్టులు క్షమాధికారానికి కొన్ని హద్దులు గీశాయి. రాష్ట్రపతి సాక్ష్యాలను తనంతట తాను మళ్లీ పరిశీలించవచ్చని 1988 నాటి కేహర్ సింగ్ తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఒక ఖైదీకి ఇచ్చిన శిక్ష తగ్గింపును 2006లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. అతను ఫలానా పార్టీకి మంచి కార్యకర్త అని ఫైలులో రాయడం అసంగతమని తప్పుపట్టింది. అర్జీపై అకారణంగా ఏళ్ల తరబడి జాప్యం చేయడం ఖైదీని హింసించడమేనని 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో ప్రకటించి, 15 మంది మరణశిక్షలను తగ్గించింది. తిరస్కరణ సంగతి తెలియజేశాక ఉరికి కనీసం 14 రోజుల గడువు ఉండాలనీ ఆదేశించింది.

అయినా అసలు కొలమానం మాత్రం ఏర్పడలేదు. మార్గదర్శకాలు అవసరం లేదని కేహర్ సింగ్ తీర్పే చెప్పింది. ప్రతి మనిషి కథా వేరు కనుక ఈ అధికారాన్ని సూత్రాల్లో బిగించకూడదన్న వాదనలో బలం ఉంది. కానీ దాని ఫలితం మూడు ఉదంతాల్లోనూ కనిపిస్తూనే ఉంది. నేర తీవ్రతను బట్టి చూస్తే 23 మంది మరణానికి కారకులైనవారు బ్రతికారు, అంతకు తక్కువ ప్రాణనష్టం జరిగిన కేసులో శిక్షపడినవారు ఉరికంబం ఎక్కారు. ఈ తేడాకు కారణం నేరంలో లేదు. అర్జీ ఏ సంవత్సరంలో చేరింది, అప్పుడు పత్రికలు మాట్లాడగలిగాయా, ఉరి తేదీకి ముందు కొన్ని నెలల వ్యవధి దొరికిందా అన్న విషయాల్లో ఉంది.

చిలకలూరిపేట మృతుల కుటుంబాలకు శిక్ష తగ్గింపు అన్యాయంగా తోచి ఉంటే అందులో ఆశ్చర్యం లేదు. క్షమాధికారం వారి దుఃఖాన్ని తక్కువ చేసే సాధనం కాకూడదు. అందుకే అది రహస్యంగా ఇచ్చే భిక్షలా కాక, కారణాలు చెప్పగల నిర్ణయంలా ఉండాలి. తిరస్కరించినా, మన్నించినా ఆ నియమం ఒక్కటే. కాదన్న రాష్ట్రపతి రేపు అవునని అనవచ్చునన్నది 1975 నాటి తీర్పు మిగిల్చిన అవకాశం. అర్జీదారు సజీవంగా ఉన్నంతవరకే ఆ అవకాశానికి అర్థం ఉంటుంది.