కుక్కల పార్కు

పెంపుడు కుక్కలను పట్టీ విప్పి స్వేచ్ఛగా పరుగెత్తనివ్వడానికి కంచె వేసి కేటాయించిన స్థలం. అమెరికాలోని బర్క్‌లీలో 1979లో ఏర్పడిన ఓలోనీ కుక్కల పార్కును ఇలాంటివాటిలో తొలినాటిదిగా చెబుతారు.

తెలుగునాట చెప్పుకోదగ్గది హైదరాబాదు కొండాపూర్‌లో ఉంది. ఒకప్పుడు చెత్త పోసిన సుమారు 1.3 ఎకరాల స్థలాన్ని గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) దాదాపు 1.1 కోట్ల రూపాయలతో బాగుచేసి 2018లో తెరిచింది. నడకదారి, పచ్చిక, నీటి తొట్టి, పశువైద్యశాల ఉన్నాయి. పెద్ద కుక్కలకూ చిన్నవాటికీ వేరువేరు ఆవరణలు. ఇది ఆర్భాటం కాదు; ఆటలోనే పెద్ద కుక్క చిన్నదాన్ని గాయపరచగలదు.

ఇలాంటి పార్కు దగ్గర లేనివారికి వీధులే దిక్కు. విజయవాడ గవర్నర్‌పేట లాంటి ఇరుకు వ్యాపార కేంద్రంలో కుక్క షికారంటే తెల్లవారుజామున, దుకాణాలు తెరవకముందే. ఎండాకాలం మధ్యాహ్నపు తారురోడ్డు కుక్క పాదాలను కాల్చేస్తుంది. సముద్రతీరం కావాలంటే బందరు దగ్గరి మంగినపూడి ఉంది. అయితే కృష్ణా తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఏటా జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెడతాయి. కుక్కలు ఆ గూళ్లను తవ్వి గుడ్లు తినేస్తాయి. ఆ నెలల్లో పట్టీ విప్పకూడదు. కృష్ణా అభయారణ్యపు మడ అడవుల్లో బావురుపిల్లులున్నాయి. డిస్టెంపర్, రేబిస్ వంటి జబ్బులు కుక్కల నుంచి వన్యమృగాలకు సోకుతాయి కనుక అక్కడికి అసలు తీసుకెళ్లకండి.