శ్రీనాథుని ప్రశస్తిరచన – చరిత్రకారుని విచక్షణ

ఐనవిల్లి సీమనుండి ముక్తేశ్వరపు రేవు దాటి, కోటిపల్లి మీదుగా దాక్షారామము చేరుదుము. ఆ క్షేత్రమహిమను భీమేశ్వరపురాణముగా రచించిన శ్రీనాథుడు పూర్వము కొండవీటి పెదకోమటి వేమారెడ్డి (1402–1420) కొలువున విద్యాధికారి; 1409 నాటి ఫిరంగిపుర శాసనమాతని రచనయే. ఆ ప్రభువునకు విరోధియైన కాటయవేముని అల్లుడు, రాజమహేంద్రవరాధీశుడగు వీరభద్రారెడ్డి. శ్రీనాథుడు పిమ్మట కాశీఖండమును అంకితమొసగినది ఈ వీరభద్రారెడ్డికే. పోరాడిన రెండు వంశములను ఒక్క గంటమే కీర్తించినది.

ప్రశస్తి నాడు రాజ్యాధికారమునకు సాధనము. దానిని సమకూర్చిన కవి యందు భాగస్వామియే. ఆశ్రితుడనుటచే ఆ బాధ్యత తొలగదు. అయినను అవతారికలోని స్తుతిని సాక్ష్యముగా గైకొనకున్నంత మాత్రమున పద్యశిల్పమునకు వన్నె తరుగదు. కవిపై గౌరవముచే స్తుతిని చరిత్రగా జూపుటయు, స్తుతిపై రోతచే కావ్యమును త్రోసిపుచ్చుటయు పరిశోధకునకు తగవు.