మోకాలి వెనుక వాపు: దేనికి ఆగవచ్చు, దేనికి ఆగకూడదు

నమాజులో సజ్దా నుంచి లేచి కూర్చునేటప్పుడు మోకాలి వెనుక ఏదో అడ్డం పడినట్టు, బిగిసినట్టు అనిపిస్తుంది. చేత్తో తడిమి చూస్తే నిమ్మకాయంత మెత్తని ఉబ్బు తగులుతుంది. దెబ్బ తగిలింది లేదు, జారిపడింది లేదు. ఇంట్లో ఒకరు వాతం అంటారు, ఇంకొకరు నరం పట్టేసిందంటారు, మూడోవారు మంచి తైలంతో మాలిష్ చేయించమంటారు. చాలాసార్లు ఇది ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదు. కానీ కొన్నిసార్లు అవుతుంది. అప్పుడు మొదటి ఒకటి రెండు రోజుల్లో ఏం చేశారన్నదే ముఖ్యం. మాలిష్ అయితే ఆ రోజుల్లో అసలు చేయకూడని పని.

మోకాలి వెనుక ఉండే గుంట చిన్నదే అయినా దానిలోంచి చాలా పోతుంటాయి. పాదానికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని, రక్తాన్ని పైకి తెచ్చే సిర, నరాలు, కొవ్వు, గజ్జల్లో ఉండేలాంటి చిన్న బిళ్లలు, కండరాలు ఒకదానికొకటి రాసుకోకుండా ఉంచే నీటి సంచులు అన్నీ అక్కడే ఉంటాయి. వీటిలో దేనికి ఇబ్బంది వచ్చినా బయటికి కనబడేది వాపే. అందుకే పైనుంచి చూసి ఇది ఫలానా అని చెప్పేయడం డాక్టర్లకే కష్టం.

ఎక్కువగా కనిపించేది నీటి తిత్తి

పెద్దవాళ్లలో ఈ గడ్డ చాలావరకు బేకర్ సిస్ట్ అనే నీటి తిత్తి అయి ఉంటుంది. లండన్ సర్జన్ విలియం మోరెంట్ బేకర్ 1877లో దీని గురించి రాయడంతో ఆ పేరు స్థిరపడింది. డబ్లిన్‌కు చెందిన రాబర్ట్ ఆడమ్స్ 1840లోనే దీన్ని వర్ణించినా పేరు మాత్రం బేకర్‌కే దక్కింది.

ఇది ఎలా వస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. మోకాలి కీలులో ఎప్పుడూ కొద్దిగా జిగురు నీరు ఉంటుంది. గుజ్జు అరిగినా, కీలులో దిండులా ఉండే మెనిస్కస్ చిరిగినా, కీళ్లవాతం ఉన్నా ఆ నీరు ఎక్కువగా ఊరుతుంది. ఎక్కువైన నీరు వెనుక ఉన్న సంచిలోకి తోసుకుపోతుంది. అక్కడి దారి ఒంటివైపు తలుపులా పనిచేస్తుంది కాబట్టి వెళ్లిన నీరు తేలిగ్గా వెనక్కి రాదు. సంచి ఉబ్బుతుంది. అంటే గడ్డ వెనుక కనబడినా రోగం ముందు, కీలులోపల ఉంది. చాలామంది గడ్డ తీయించుకోవాలని పట్టుబడతారు గానీ, మోకాలిని బాగు చేయకుండా నీరు మాత్రం తీయిస్తే మళ్లీ నిండుతుంది.

దీనికి ఒక గుర్తు ఉంది. కాలు పూర్తిగా చాపి నిలబడితే గడ్డ గట్టిగా తగులుతుంది, మోకాలు కొంచెం మడిస్తే మెత్తబడి లోపలికి పోయినట్టు ఉంటుంది. నొప్పి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఎక్కువసేపు నిలబడ్డాక, మెట్లు ఎక్కి దిగాక బిగుతు పెరుగుతుంది. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్ వాడటం కష్టమవుతుంది. అయితే ఈ ఒక్క గుర్తును నమ్ముకుని ఇంట్లోనే తేల్చేసుకోకూడదు. గడ్డ నీటిదో కాదో స్కానింగ్‌లోనే తెలుస్తుంది.

జ్వరం, ఎరుపు, పిక్క వాపు లేకుండా మెత్తని గడ్డ ఒక్కటే ఉంటే అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తే పని లేదు. ఆ వారంలో ఒకసారి డాక్టరుకు చూపిస్తే చాలు. ఈలోపు బరువులు ఎత్తడం, గొంతుకూర్చోవడం తగ్గించాలి. గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టొచ్చు. షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవారు మాత్రం ఐసు, వేడి కాపడం రెండిటికీ దూరంగా ఉండాలి, చర్మం కాలినా వాళ్లకు తెలియదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు వారాల తరబడి మింగడం ఇంకో పొరపాటు. వాటిలో చాలావాటికి కిడ్నీలను దెబ్బతీసే, ఒంట్లో నీరు నిలిపేసే గుణం ఉంది. వాపు తగ్గాలని మింగిన మాత్రే కాళ్లకు వాపు తెస్తుంది.

పిక్కలోకి దిగిన వాపు

తిత్తి ఒక్కోసారి లోపలే పగులుతుంది. మోకాలి వెనుక చటుక్కున నొప్పి లేచి నీరు పిక్కలోకి జారినట్టు అనిపిస్తుంది. పిక్క ఉబ్బి వేడెక్కుతుంది, ఒకటి రెండు రోజులకు చీలమండ దగ్గర నీలంగా కమిలినట్టు కనబడొచ్చు. ఇది విశ్రాంతితో తగ్గే విషయమే. చిక్కేమిటంటే, కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టినా అచ్చం ఇలాగే ఉంటుంది. దాన్ని డీప్ వెయిన్ త్రాంబోసిస్, పొట్టిగా డీవీటీ అంటారు. చూపుతో ఈ రెండిటినీ విడదీయలేం. కాబట్టి ఒక కాలి పిక్క కొత్తగా వాచిందంటే డీవీటీ కాదని తేలేవరకు డీవీటీ అనే అనుకోవాలి, అదే రోజు చూపించాలి.

ఇంట్లో ఒక పని చేయొచ్చు. దర్జీ టేపు తీసుకుని, మోకాటి చిప్ప కింద ఎముక మీద చేతికి తగిలే బుడిపె నుంచి పది సెంటీమీటర్లు కిందికి కొలిచి, అక్కడ రెండు పిక్కల చుట్టుకొలత చూడాలి. తేడా మూడు సెంటీమీటర్లు దాటితే డాక్టర్లు దాన్ని గట్టి అనుమానంగా లెక్కిస్తారు. తేడా తక్కువ ఉందని మాత్రం ఊరుకోకూడదు.

డీవీటీ ముప్పు ఎవరికి ఎక్కువ? ఈమధ్య ఆపరేషన్ అయినవారికి, కాలికి కట్టు వేసుకుని మంచం మీద ఉన్నవారికి, కేన్సర్ రోగులకు, గర్భం రాకుండా కొన్ని రకాల మాత్రలు వాడే ఆడవాళ్లకు, ఇంతకుముందు ఒకసారి గడ్డకట్టినవారికి. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చున్నవారికి కూడా. జిద్దా, రియాద్, దుబాయి విమానాలు ఎక్కి దిగే కుటుంబాలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఉమ్రాకు వెళ్లొచ్చిన పెద్దాయన కాలు వాచిందంటే ఎక్కువ నడిచారు కాబట్టే అని తేల్చేస్తారు. రెండు కాళ్లూ సమానంగా వాచి రెండు రోజుల్లో తగ్గితే అది నిజం కావొచ్చు. ఒక్క కాలే వాచిందంటే, ప్రయాణమై రెండు మూడు వారాలైనా సరే, పరీక్ష చేయించాలి.

బాలింతల సంగతి ఇంకా ముఖ్యం. కాన్పు తర్వాత ఆరు వారాలు రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది, సిజేరియన్ అయితే మరీనూ. మన ఇళ్లలో చిల్లా నలభై రోజులూ దాదాపు అదే సమయం. తల్లికి విశ్రాంతి, మంచి తిండి ఇవ్వడం బాగుంది గానీ, మంచం దిగనివ్వకపోవడం బాగాలేదు. డాక్టరు ఒప్పుకున్న రోజు నుంచి ఇంట్లో అటూ ఇటూ నడిపించాలి, నీళ్లు తాగనివ్వాలి. ఒక కాలు లాగుతోందని, బరువుగా ఉందని బాలింత అంటే దాయికి చెప్పి నూనె మర్దన మొదలుపెట్టొద్దు. గట్టిగా పిసికితే సిరలోని గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. బెణుకులకు కట్టు కట్టే పహిల్వాన్ దగ్గరికి తీసుకెళ్లడానికీ ఇదే మాట వర్తిస్తుంది.

కాలు వాచిన మనిషికి ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టున్నా, దగ్గితే రక్తం పడినా, కళ్లు తిరిగి పడిపోయినా ఇక ఆలోచించే టైమ్ లేదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

గడ్డ కొట్టుకుంటుంటే

అరుదుగా ఆ ఉబ్బు ధమని గోడ బలహీనపడి బుడగలా లేచినది కావొచ్చు. వేలు పెడితే నాడిలా కొట్టుకుంటుంది. వయసు పైబడిన మగవాళ్లలో, ముఖ్యంగా ఏళ్ల తరబడి సిగరెట్ తాగినవారిలో చూస్తాం. ఒక కాలికి ఉంటే దాదాపు సగం మందికి రెండో కాలికీ ఉంటుంది. స్కానింగ్ లేకుండా ఇలాంటి గడ్డలో సూది గుచ్చనివ్వకూడదు. పాదం ఒక్కసారిగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే రక్తం అందడం ఆగిపోయిందని అర్థం. కాలు నిలబెట్టుకోవడానికి ఉన్న వ్యవధి గంటల్లోనే, కాబట్టి రక్తనాళాల సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికే నేరుగా వెళ్లాలి.

చర్మం ఎర్రబడి, ముట్టుకుంటే మండి, జ్వరం వస్తే ఇన్ఫెక్షన్. పాదంలో పుండు ఉన్న షుగర్ రోగికైతే ఆ రోజే ఆసుపత్రి. రాయిలా గట్టిగా ఉండి, నెలనెలా పెరుగుతూ, రాత్రిళ్లు నిద్రలేపే నొప్పి ఉన్న గడ్డను కూడా వాయిదా వేయొద్దు. రెండు కాళ్లూ వాచి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే మోకాలిని వదిలి గుండె, కిడ్నీ, లివర్, థైరాయిడ్ వైపు చూడాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్ర వల్ల కూడా పాదాలు వాస్తాయి. అనుమానం ఉంటే డాక్టరుతో చెప్పి మార్పించుకోవాలి, సొంతంగా ఆపేయకూడదు. బోదకాలు ఉన్న ప్రాంతాల్లో దాన్నీ కొట్టిపారేయలేం. అక్కడ ప్రభుత్వం పంచే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలను చాలామంది తీసుకుని అల్మారాలో పెడతారు, మింగరు.

డాక్టరు దగ్గర

మొదట ఎంబీబీఎస్ డాక్టరు చాలు, బస్తీ దవాఖానా అయినా పర్వాలేదు. ఎప్పుడు మొదలైంది, ప్రయాణం, ఆపరేషన్, కాన్పు ఏమైనా ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు అన్నది చెప్పాలి. మందుల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్తే మేలు. సాధారణంగా డాప్లర్ అల్ట్రాసౌండ్ రాస్తారు. నొప్పి ఉండదు, సూది ఉండదు. తిత్తి, ధమని బుడగ, సిరలో గడ్డ చాలావరకు దానిలోనే తేలిపోతాయి. ఆడవాళ్లు కాలు చూపించడానికి మొహమాటపడి నెలలు గడిపేయడం కనిపిస్తూనే ఉంటుంది. లేడీ డాక్టరు కావాలని, పక్కన ఇంటి మనిషి ఉండాలని ముందే అడగొచ్చు.

నీటి తిత్తికి తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం, మోకాలి జబ్బుకు వైద్యం ప్రధానం. నీరు తీసి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొన్నాళ్లు ఉపశమనం, కానీ షుగర్ ఉన్నవారికి కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. ఆపరేషన్ దాకా వెళ్లేవారు తక్కువ. మోకాలు మడవొద్దని చెప్పినన్ని రోజులు కుర్చీ మీద నమాజ్ చదువుకునే వెసులుబాటు ఉండనే ఉంది. డీవీటీ అయితే రక్తం పలచబరిచే మందు కనీసం మూడు నెలలు వాడాలి, వాపు తగ్గిందని మధ్యలో మానకూడదు. రంజాన్ మధ్యలో వస్తే మందు వేళలను సహరీ, ఇఫ్తార్‌కు సర్దవచ్చో లేదో డాక్టరునే అడగాలి.

పిల్లల విషయం వేరు. నాలుగు నుంచి ఏడెనిమిదేళ్ల పిల్లల్లో మోకాలి వెనుక నొప్పిలేని మెత్తని గడ్డ కనిపిస్తే అది కీలు జబ్బు లేకుండానే వచ్చిన తిత్తి కావడం ఎక్కువ. ఒకసారి స్కానింగ్‌తో నిర్ధారించుకున్నాక ముట్టుకోకుండా వదిలేస్తే నెలల్లోనో, ఒకటి రెండేళ్లలోనో దానంతటదే కరిగిపోతుంది. జ్వరం, కుంటడం, బరువు తగ్గడం తోడైతే మాత్రం పిల్లల డాక్టరుకు వెంటనే చూపించాలి.