వీపున పిల్లలను మోసిన కప్ప: ఒక చిత్రం నేర్పే పాఠం

వైద్యవిద్యలో మేము మొదట నేర్చుకొనవలసిన విషయం ఒకటి ఉన్నది. కంటితో చూసినది వేరు, దాని నుండి మనం ఊహించినది వేరు. ఈ తేడాను చక్కగా బోధించే ఉదాహరణ నాకు వైద్య గ్రంథాలలో కాక, మూడు శతాబ్దాల నాటి ఒక కప్ప చిత్రంలో కనిపించింది.

ఆ చిత్రాన్ని గీసినవారు మరియా సిబిల్లా మేరియన్. ఆమె 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జన్మించారు. కీటకాలు బురద నుండి, కుళ్ళిన పదార్థాల నుండి వాటంతట అవే పుడతాయని అనేకులు నమ్ముతున్న కాలమది. ఆమె గొంగళిపురుగులను స్వయంగా పెంచి, గుడ్డు మొదలు సీతాకోకచిలుక వరకు ప్రతి దశనూ గమనించి చిత్రించారు. కప్పగుడ్డు తోకకప్పగా, తోకకప్ప కప్పగా మారే క్రమాన్ని కూడా నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో ఉన్నప్పుడే పరిశీలించారు.

1699లో, యాభై రెండేళ్ళ వయస్సులో, తన చిత్రాలను అమ్మి డబ్బు సమకూర్చుకొని, చిన్న కుమార్తె డొరోతియాతో కలిసి దక్షిణ అమెరికాలోని డచ్చి వలస ప్రాంతమైన సూరినాంకు ఓడలో వెళ్ళారు. అక్కడి ఆదివాసులూ, బానిసలుగా తేబడిన ఆఫ్రికన్లూ ఆమెకు జీవులను తెచ్చి ఇచ్చారు, వాటిని గూర్చి తమకు తెలిసినది చెప్పారు. ఆ విజ్ఞానంలో వారి పాలు పెద్దది, కాని వారి పేర్లు మనకు దక్కలేదు. తీవ్ర అనారోగ్యం వలన ఆమె 1701లోనే తిరిగి రావలసి వచ్చింది. 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, అరవై రాగిరేకు చిత్రాలతో సూరినాం కీటకాల రూపాంతర గ్రంథాన్ని ప్రచురించారు.

అందులో 59వ చిత్రం పీపా అనే కప్పది. బల్లపరుపు దేహం, వీపంతా చిన్న చిన్న గదులు, ఆ గదుల నుండి తలలు పైకెత్తి బయటికి వస్తున్న పిల్లలు. పిల్లలు వెలువడుతుండగా చూసి, తల్లిని బ్రాందీలో భద్రపరచినట్లు ఆమె వ్రాశారు. అంతవరకు చూసినది నిజమే. అయితే ఈ కప్పకు గర్భాశయం వీపులోనే ఉన్నదని కూడా ఆమె వ్రాశారు. అది చూసినది కాదు, ఊహించినది.

ఆ ఊహ సరికాదని చెప్పినవారిలో ఒక వైద్యుడున్నాడు. సూరినాంలో పనిచేసిన ఫిలిప్ ఫెర్మిన్, గుడ్లు దేహం వెలుపలికే వస్తాయనీ, వాటిని ఆడకప్ప వీపుపైకి చేర్చేది మగకప్ప అనీ 1765లో ఒక చిన్న గ్రంథంలో వివరించాడు. అసలు విధానం స్పష్టపడటానికి మరో రెండు వందల ఏళ్ళు పట్టింది. 1960లో జార్జ్ రాబ్, మేరీ రాబ్ దంపతులు తమ పరిశీలనలను ప్రచురించారు. జంట కప్పలు నీటిలో పల్టీలు కొడతాయి. ఆ సమయంలో వెలువడిన గుడ్లు ఆడకప్ప వీపుకు అంటుకుంటాయి. తర్వాత వీపు చర్మం ఉబ్బి ఒక్కొక్క గుడ్డును కప్పివేస్తుంది. తోకకప్ప దశ అక్కడే గడిచిపోయి, మూడు నాలుగు నెలలకు పూర్తిగా రూపుదిద్దుకున్న బుల్లి కప్పలు బయటికి వస్తాయి. ఆ గదులు గర్భాశయమూ కావు, వ్యాధీ కావు. ఆరోగ్యవంతమైన చర్మం చేసే పని.

మేరియన్ గ్రంథమే మరొకరికి దారి చూపింది. న్యూరెంబర్గ్ సూక్ష్మచిత్రకారుడు రోజెల్ ఫాన్ రోజెన్‌హోఫ్ దానిని చూసి ప్రకృతి పరిశీలన వైపు మళ్ళాడు. 1758లో పూర్తయిన అతని కప్పల గ్రంథంలో జతకట్టడం, గుడ్లు, తోకకప్ప దశలు, ఎముకల గూడు, లోపలి అవయవాలు వరుసగా కనిపిస్తాయి. దానికి ముందుమాట వ్రాసినవాడు శరీరధర్మ శాస్త్రంలో ప్రసిద్ధుడైన వైద్యుడు ఆల్‌బ్రెహ్ట్ ఫాన్ హాలర్. దశలను ఒకదాని పక్కన ఒకటి ఉంచి చూపించడమే ఈ చిత్రకారుల గొప్పతనం. వ్యాధిగమనాన్ని రోజురోజుకూ నమోదు చేసే వైద్యుడు చేసేది కూడా ఇదే.

ఈ పాత కథను ఇప్పుడు చెప్పడానికి కారణం ఉన్నది. ఎండిన తామరకాయ చిత్రాన్ని మానవ చర్మంపై అతికించి, పురుగులు పట్టిన భయంకర రోగమంటూ ప్రచారం చేసిన సందేశాలు గతంలో ఎందరినో భయపెట్టాయి. మేరియన్ చిత్రంలో బొమ్మ నిజం, వివరణ పొరపాటు. ఆమె నిజాయితీగా పొరబడ్డారు. ఈ సందేశాలలో బొమ్మా అబద్ధమే, వివరణా అబద్ధమే.

కనుక ఆరోగ్యం పేరిట ఏదైనా చిత్రం మీ చేతికి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో నిజంగా కనిపిస్తున్నది ఏమిటి? దాని కింద వ్రాసినది ఎవరు, ఎలా తెలుసుకొని వ్రాశారు? రెండవ ప్రశ్నకు సమాధానం దొరకనిదే దానిని ఇతరులకు పంపవద్దు. మీ చర్మంపై కొత్త మార్పు కనిపిస్తే చిత్రాలతో పోల్చి బెంగపడక, చూసి పరీక్షించగల వైద్యుని వద్దకు వెళ్ళండి.