పాటిమన్ను

పాటిమన్ను అంటే పాడుబడ్డ ఊరి మన్ను. తరాల తరబడి జనం కాపురమున్న చోట మట్టిగోడలు కూలి, పొయ్యి బూడిద, పేడ, ఎముకలు, కుండపెంకులు పొరలు పొరలుగా పేరుకుని దిబ్బగా మిగులుతాయి. దాన్ని కోస్తాలో పాటిదిబ్బ అంటారు, తెలంగాణలో పాటిగడ్డ అంటారు. రసాయనిక ఎరువులు రాకముందు ఆ దిబ్బను తవ్వి పొలానికి తోలడం చాలాచోట్ల రైతుకు ఎండాకాలపు పని.

శిథిలమైనదాన్ని చెప్పే పాడు చాలా పాత ద్రావిడ పదం. తమిళంలో ఇది పాఴ్, కన్నడంలో హాళు. శిథిలమైన విజయనగరాన్ని కన్నడిగులు హాళు హంపె అంటారు. రోజువారీ మాటల్లో పాలు పాడవుతాయి, బండి పాడవుతుంది, చెడు సావాసాలు పట్టి పిల్లవాడు పాడవుతాడు. ఇల్లు, బావి, గుడి, ఊరు మాత్రం పాడుబడతాయి. పాడైనదాన్ని బాగుచేసుకోవచ్చు, పాడుబడడంలో మనుషులు వదిలి వెళ్ళిపోవడం ఉంది. గోడలు గట్టిగానే ఉన్నా దీపం పెట్టే దిక్కు లేకపోతే ఆ ఇల్లు పాడుబడ్డట్టే లెక్క. రెవెన్యూ రికార్డుల్లో జనంలేని ఊళ్ళకు రాసే బేచిరాగు అనే ఫారసీ మాటకు కూడా దీపం లేనిదనే అర్థం.

ప్రత్తిపాడు, కంకిపాడు వంటి ఊరి పేర్ల చివర ఉన్న పాడు నివాసాన్ని చెప్పేది. ఆ ఊళ్ళ నుంచి వచ్చిన ఇంటిపేర్లు ప్రత్తిపాటి, కంకిపాటి అయినట్టే విభక్తి ముందు అది పాటిగా మారుతుంది. ఒకప్పుడు ఊరున్న దిబ్బ అన్నా, పాడుబడ్డ దిబ్బ అన్నా చూపించేది ఒకే చోటు గనుక రైతు నోట ఈ రెండు అర్థాలూ పాటిదిబ్బలో కలిసిపోయాయి.

కోతలై పొలాలు ఖాళీ అయ్యాక, తొలకరికి ముందు, బళ్ళు దిబ్బకు కట్టేవారు. గునపంతో పెళ్ళగించి, పారతో గంపలకెత్తి బండి నింపేవారు. పొలంలో కుప్పలు పోసి, వాన పడే ముందు చిమ్మి దున్నేవారు. తవ్విన చోట దిబ్బ కోసిన రొట్టెలా లోపలి పొరలన్నీ చూపిస్తుంది. అడుగున గట్టి నల్లమన్ను, దానిమీద బెత్తెడు మందాన బూడిద చార, ఆపైన కూలిన గోడ మట్టి, అందులో ఎర్రపెంకులు, కాలిన ఎముక ముక్కలు, శంఖుగాజు తునకలు. మళ్ళీ బూడిద, మళ్ళీ గోడ. ఒక ఇల్లు కూలితే దాన్ని చదును చేసి అక్కడే ఇంకో ఇల్లు కట్టుకున్నారని ఆ పొరలు చెబుతాయి. వాన వెలిశాక దిబ్బవాలున రంగురంగుల పూసలు బయటపడితే పిల్లలు ఏరుకునేవారు.

ఈ మన్నులో సత్తువ ఎక్కడిదో రైతు అనుభవంతో గ్రహించాడు. రసాయన శాస్త్రం తర్వాత వివరించింది. బూడిదలో పొటాషియం, ఎముకల్లోనూ పేడలోనూ భాస్వరం ఉంటాయి. భాస్వరం మట్టిలోని సున్నంతో ముడిపడి వందల ఏళ్ళయినా అంత తేలిగ్గా కొట్టుకుపోదు. అందుకే ఊరు పోయినా దాని భాస్వరం మిగులుతుంది. స్వీడన్‌లో ఓలాఫ్ ఆరీనియస్ 1920, 30లలో పొలాల మట్టిని పరీక్షిస్తూ భాస్వరం ఎక్కువున్న చోటల్లా పాత నివాసాలు ఉన్నట్టు గమనించాడు. అప్పటి నుంచి భాస్వర పరీక్ష పురావస్తు శాస్త్రానికి పనిముట్టయింది.

పశువుల మూత్రంలోని నత్రజని సూక్ష్మజీవుల వల్ల నైట్రేట్లుగా మారి పాతగోడల మీద తెల్లగా ఉబికేది. ఆ మన్నును నీళ్ళతో వడగట్టి, బూడిద కలిపి, కాచి, చల్లార్చితే సురేకారం గడ్డకడుతుంది. తుపాకిమందుకు అదే ప్రధాన దినుసు. అలా పాడుబడ్డ ఊళ్ళ మన్నుకు పొలం బయట కూడా గిరాకీ ఉండేది.

తెలుగునేలపై ఇలాంటి మన్ను చరిత్ర నవీన శిలాయుగం దాకా వెళుతుంది. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరులో బూడిదదిబ్బను 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వాడు. అది పశువుల దొడ్డి అనీ, పేరుకున్న పేడను పదేపదే కాల్చడం వల్ల ఏర్పడిన దిబ్బ అనీ తేల్చాడు. వయసు నాలుగు వేల ఏళ్ళ పైమాటే. తర్వాతి కాలపు దిబ్బల వెనుక రకరకాల కారణాలున్నాయి: నది దారి మార్చుకోవడం, వర్తకపు దారులు మూతపడడం, దండయాత్రలు, అంటురోగాలు, కరువులు. గుంటూరు సీమలో 1832-33 నాటి నందన కరువు ఊళ్ళకు ఊళ్ళనే ఖాళీ చేసింది.

పొలానికి మేలు చేసిన ఈ పాటిమన్ను తోలే ఆచారం చరిత్రకు పెద్ద నష్టమే చేసింది. అయినా నేరమంతా రైతు మీద వేయడం న్యాయం కాదు. అమరావతి స్తూపం ఉన్న దీపాలదిన్నెను 18వ శతాబ్దం చివర జమీందారు పరివారం రాళ్ళ కోసం తవ్వించింది. భట్టిప్రోలు స్తూపం ఇటుకలూ రాళ్ళూ ఈస్టిండియా కంపెనీ, తర్వాతి దొరల హయాంలో రోడ్లకూ కాలువ పనులకూ పోయాయి. అలెగ్జాండర్ రే 1892లో అక్కడ తవ్వేనాటికి మిగిలింది అడుగుభాగమే. ధాతువులు (అవశేషాలు) ఉన్న కరండాలు, వాటి మీది బ్రాహ్మీ రాతలు ఆ అడుగునే దొరికాయి. ఈజిప్టులోనూ రైతులు పాత ఊళ్ళ మన్నును సెబాఖ్ అని పొలాలకు తోలేవారు. 1887లో అమర్నా మట్టిపలకలు బయటపడింది అలాంటి తవ్వకంలోనే అంటారు.

తెలంగాణలో కొన్ని దిబ్బలు సకాలంలో పరిశోధకుల కంటపడ్డాయి. సంగారెడ్డి దగ్గరి కొండాపురంలో నిజాం ప్రభుత్వ పురావస్తుశాఖ 1940ల తొలినాళ్ళలో తవ్వగా శాతవాహనుల నాణేలు, మట్టిబొమ్మలు, పూసలు రాశులుగా వచ్చాయి. పెద్దబంకూరులో వి.వి. కృష్ణశాస్త్రి నాయకత్వంలో జరిగిన తవ్వకాల్లో ఇటుక బావులతోపాటు 22,000 పైచిలుకు విద్ధాంక (గుర్తులు కొట్టిన) నాణేలు దొరికాయి. బళ్ళకెత్తి చిమ్మేసిన దిబ్బల్లో ఏమేమి పోయిందో ఈ లెక్కను బట్టి కొంత ఊహించవచ్చు.

1960ల తర్వాత యూరియా, సూపర్ ఫాస్ఫేట్ ఊళ్ళలోకి వచ్చాక పాటిమన్ను తోలడం తగ్గుతూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1960లో పురావస్తు స్థలాల రక్షణకు చట్టం చేసింది. కానీ అది కాపాడేది రక్షితమని ప్రకటించిన చోట్లనే. మిగిలిన దిబ్బల మన్ను ఇప్పుడు జేసీబీలతో ట్రాక్టర్లకెక్కి, పొలాలకు బదులు ఇళ్ళ పునాదులకూ స్థలాల మెరకకూ పోతోంది. గునపంతో తవ్విన రోజుల్లో పూస, నాణెం, బొమ్మ కనీసం తవ్వినవాడి కంటపడేవి. యంత్రపు తొట్టిలో అవేవీ కనిపించవు.