ఇంటి వైరింగ్ ఎవరి చేత చేయించాలి? కాంట్రాక్టర్ లైసెన్స్, వైర్‌మన్ పర్మిట్ వివరాలు

హైదరాబాద్ పాతబస్తీలో గానీ, గుంటూరు, కర్నూలు, కడప లాంటి ఊళ్లలో గానీ కొత్త ఇల్లు మొదలుపెట్టారంటే, మేస్త్రీ కుదిరాక వెతికేది కరెంటు పనివాడినే. చాలాసార్లు ఆయన బంధువుల అబ్బాయో, పక్క గల్లీలో షాపు పెట్టుకున్నాయనో అయి ఉంటాడు. నమ్మకస్తుడు, ఉస్తాద్ దగ్గర ఏళ్ల తరబడి పని నేర్చుకున్నాడు. ఇంకేం కావాలి అనిపిస్తుంది. చట్టం మాత్రం ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఆయనకు పర్మిట్ ఉందా? ఏ లైసెన్స్ కింద ఈ పని చేస్తున్నాడు?

ఇంటివాళ్లకు ఇది పిల్లల ప్రాణాలకు సంబంధించిన విషయం. పని చేసే అబ్బాయికి బతుకుతెరువు విషయం. అందుకే రెండు వైపులవాళ్లూ ఈ సంగతులు తెలుసుకోవాలి.

చట్టం ఏం చెబుతోంది?

దేశంలో కరెంటు వ్యవహారాలకు మూలం 2003 నాటి విద్యుత్ చట్టం. దాని కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు తెచ్చింది. మొదట 2010లో వచ్చాయి. వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. అంతకుముందు 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 45వ రూలు కూడా ఇదే మాట చెప్పేది. అంటే ఇది కొత్తగా పుట్టిన నిబంధన కాదు.

దాని సారాంశం ఇది: వినియోగదారుడి ఇంట్లో, దుకాణంలో కొత్త వైరింగ్ గానీ, ఉన్నదానికి మార్పులు, చేర్పులు, రిపేర్లు గానీ రాష్ట్ర ప్రభుత్వం లైసెన్స్ ఇచ్చిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేపట్టాలి. అర్హత సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి. చేత్తో పని చేసే మనిషికి ప్రభుత్వం ఇచ్చిన లేదా గుర్తించిన పర్మిట్ ఉండాలి.

చిన్న పనులకు మినహాయింపు ఉంది. బల్బు, ఫ్యాన్, ఫ్యూజు, స్విచ్ మార్చడం, ఇంట్లో వాడే సామాన్లు, ఫిట్టింగులు మార్చడం వంటివాటికి లైసెన్స్ అక్కర్లేదు. అయితే దానివల్ల వైరింగ్ సామర్థ్యం గానీ, తీరు గానీ మారకూడదు. పాత ఫ్యాన్ తీసి కొత్త ఫ్యాన్ పెట్టడం మినహాయింపులోకి వస్తుంది. ఏసీ కోసం మెయిన్ బోర్డు నుంచి కొత్త లైను లాగడం రాదు.

ముగ్గురు మనుషులు, మూడు కాగితాలు

మొదటిది వైర్‌మన్ పర్మిట్. పైపులు వేసి, వైర్లు లాగి, బోర్డులు బిగించే మనిషికి ఉండాల్సింది ఇదే.

రెండోది సూపర్‌వైజర్ సర్టిఫికెట్. వైరు సైజు సరిగ్గా ఉందా, ఎర్తింగ్ సరిపోతుందా అని చూసి బాధ్యత తీసుకునే మనిషికి ఇది ఉండాలి. సాధారణంగా ఎలక్ట్రికల్ డిప్లొమా, డిగ్రీ చదివినవాళ్లు దీనికి వెళ్తారు.

మూడోది కాంట్రాక్టర్ లైసెన్స్. ఇది సంస్థకు ఇచ్చేది. పర్మిట్ ఉన్న పనివాళ్లు, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్, పరీక్షలకు కావాల్సిన మెగ్గర్, ఎర్త్ టెస్టర్ లాంటి పరికరాలు ఉన్నవాళ్లు దీనికి దరఖాస్తు చేసుకోవాలి. లైసెన్స్‌లో గ్రేడులుంటాయి. చిన్న ఇళ్ల పనికి సరిపోయే గ్రేడు హైటెన్షన్ పనికి సరిపోదు. లైసెన్స్‌కు, పర్మిట్‌కు గడువు కూడా ఉంటుంది. రెన్యువల్ చేయించని కాగితం గోడకు ఫ్రేమ్ కట్టి పెట్టినా పనికిరాదు.

ఎవరిస్తారు? ఎలా తీసుకోవాలి?

తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ పని చూసేది ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. అది చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ శాఖతో కలిసి నడుస్తుంది. చాలామంది కరెంటు ఆఫీసుకు వెళ్లి లైసెన్స్ అడుగుతుంటారు. బిల్లు వసూలు చేసే డిస్కమ్ వేరు, లైసెన్స్ ఇచ్చే బోర్డు వేరు.

పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివితే వైర్‌మన్ పర్మిట్‌కు దారి సులువవుతుంది. అది రెండేళ్ల కోర్సు. ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న షాగిర్దులు సర్టిఫికెట్ లేదని నిరాశ పడి ఆగిపోకూడదు. అనుభవానికి ఏ పరీక్ష ఉంది, ఏ అర్హత కావాలి అన్నది బోర్డు ఆఫీసులోనే అడిగి తెలుసుకోవాలి. ఫీజులు మారుతుంటాయి. మధ్యవర్తి చెప్పిన లెక్క నమ్మి డబ్బు కట్టొద్దు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. స్కిల్ సర్టిఫికెట్ వేరు, పర్మిట్ వేరు. ట్రైనింగ్ సెంటర్‌లో ఇచ్చే సర్టిఫికెట్ పని వచ్చని చెబుతుంది. ఇళ్లలో వైరింగ్ చేయడానికి అనుమతి ఇచ్చేది పర్మిట్ మాత్రమే.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల సంగతి

సౌదీ, దుబాయ్, కువైట్‌లలో పదీ పదిహేనేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి తిరిగొచ్చినవాళ్లు మన ఇళ్లలో ఎంతోమంది ఉన్నారు. సౌదీ అరేబియా వీసా కోసం ఎలక్ట్రీషియన్లకు స్కిల్ వెరిఫికేషన్ పరీక్ష పెడుతోంది. దాన్ని పాసైనవాళ్లూ ఉన్నారు. ఆ అనుభవం విలువైనదే. కానీ అక్కడి కంపెనీ ఐడీ కార్డుగానీ, ఆ పరీక్ష సర్టిఫికెట్‌గానీ ఇక్కడి పర్మిట్‌కు బదులు కాదు. ఊళ్లో షాపు తెరిచి కాంట్రాక్టు పనులు పట్టాలనుకునేవాళ్లు ముందు ఇక్కడి కాగితాలు చేయించుకోవాలి. అలా చేస్తే అపార్ట్‌మెంట్లు, స్కూళ్లు, ప్రభుత్వ టెండర్ల పని కూడా అడగొచ్చు. లేకపోతే ఎంత పనితనం ఉన్నా ఇంకొకరి లైసెన్స్ కింద కూలికి పని చేయాల్సిందే.

టెస్ట్ రిపోర్ట్ ఎందుకు అంత ముఖ్యం?

వైరింగ్ పూర్తయ్యాక కాంట్రాక్టర్ పరీక్షలు చేసి, పని పూర్తయినట్టు సర్టిఫికెట్, టెస్ట్ రిపోర్ట్ ఇవ్వాలి. మెగ్గర్‌తో 500 వోల్టుల డీసీ పెట్టి ఇన్సులేషన్ చూస్తారు. ఇళ్ల వైరింగ్‌కు ఏళ్లుగా చూస్తున్న కనీస లెక్క 1 మెగా ఓమ్. అంతకన్నా తక్కువ వస్తే ఎక్కడో వైరు లీక్ అవుతోందన్నమాట. ఎర్తింగ్ కూడా కొలవాలి. వైరింగ్‌కు ఐఎస్ 732, ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 భారతీయ ప్రమాణాలు.

కొన్నిచోట్ల పని ఒకరు చేస్తారు, ఇంటి మొహం చూడని కాంట్రాక్టర్ డబ్బు తీసుకుని రిపోర్టు మీద సంతకం పెడతాడు. మీటరు తొందరగా వస్తుందని ఇంటివాళ్లూ ఒప్పుకుంటారు. నష్టపోయేది ఇంటివాళ్లే. ఆ కాగితం మీద కొలతలు రాసి ఉంటాయి, గోడలో వైరు మాత్రం ఎవరూ కొలిచి ఉండరు. వానాకాలంలో గోడ తడిసి షాక్ కొట్టినప్పుడు సంతకం కాపాడదు. సంతకం కూడా ఒక అమానతే. ఇచ్చేవాడు చూడకుండా ఇవ్వకూడదు, తీసుకునేవాడు కొనుక్కోకూడదు.

పని జరుగుతున్నప్పుడు ఇంటివాళ్లు కొన్ని సంగతులు చూసుకోవచ్చు. లైట్లకు 1.5, పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడడం మామూలు పద్ధతి. ఐఎస్ఐ గుర్తు చూడాలి. ఎంసీబీ లోడు ఎక్కువైనప్పుడు వైరును కాపాడుతుంది. మనిషిని షాక్ నుంచి కాపాడేది ఆర్‌సీసీబీ. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించాలి. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయొద్దు.

పెద్ద బిల్డింగులు, షాదీఖానాలు

15 మీటర్ల కన్నా ఎత్తు ఉన్న భవనాలకు అదనపు నిబంధనలున్నాయి. కరెంటు ఇచ్చే ముందు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ ఉంటుంది. ఫ్లాట్ కొనేవాళ్లు బిల్డర్‌ను ఆ అనుమతి కాపీ అడగాలి. ఫంక్షన్ హాళ్లు, మదరసాలు, హాస్టళ్లలో రాత్రిపూట వందలమంది ఉంటారు. అక్కడి కమిటీలు కొత్త ఏసీలు, జనరేటర్ పెట్టించే ముందు కాంట్రాక్టర్‌ను పిలిచి లోడు లెక్క వేయించాలి. మంజూరైన లోడు సరిపోకపోతే డిస్కమ్‌లో పెంచుకోవాలి.

మీలాద్, పెళ్లి లైటింగ్

మీలాద్, షబే బరాత్, నికాహ్ సమయాల్లో గల్లీలన్నీ దీపాలతో మెరుస్తాయి. ఆ సీరియల్ సెట్లకు స్తంభం మీద కొక్కెం వేయడం 135వ సెక్షన్ కింద కరెంటు దొంగతనం. దానికి మూడేళ్ల వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది. తాత్కాలిక కనెక్షన్‌కు డిస్కమ్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. వైర్లు పర్మిట్ ఉన్న మనిషి చేతే వేయించాలి. జాయింట్లు తడి నేల మీద ఉండకూడదు, ఇనుప పైపులకు చుట్టకూడదు, పిల్లల చేతికి అందకూడదు.

మీటరు అవతల ఎవరిది?

మీటరు తర్వాత లోపలి వైరింగ్ ఇంటివాళ్ల బాధ్యత. మీటరు అవతల సర్వీసు వైరు, స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ డిస్కమ్‌వి. ఫ్యూజు పోయిందని కాలనీ అబ్బాయిని స్తంభం ఎక్కించడం ఎంతమాత్రం తగదు. లైను ఆపినట్టు అతనికి ఎవరూ హామీ ఇవ్వలేరు. 1912కు ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వాలి, లైన్‌మన్ వచ్చేదాకా ఆగాలి.

పని అప్పగించే ముందు

కాంట్రాక్టర్ లైసెన్స్ నంబర్, గ్రేడు, గడువు తేదీ చూడాలి. వైర్‌మన్ పర్మిట్ ఫోటో ఫోన్‌లో తీసిపెట్టుకోవాలి. ఏ కంపెనీ వైరు, ఏ సైజు, ఎన్ని పాయింట్లు అన్నది రాతపూర్వకంగా రాయించుకోవాలి. గోడ మూసే ముందు పైపుల దారి ఫోటోలు తీసి ఉంచాలి. పరీక్షలు జరిగేటప్పుడు ఇంటివాళ్లు ఒకరు దగ్గరుండాలి. టెస్ట్ రిపోర్ట్ ఒక కాపీ ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచాలి.

బంధువుల అబ్బాయికే పని ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు. ముందు అతన్ని పర్మిట్ తీసుకోమని చెప్పాలి. అవసరమైతే ఫీజుకు సాయం చేయాలి. అప్పుడు ఇంటికి భద్రత ఉంటుంది, అతనికీ ఇంకొకరి సంతకం కోసం తిరిగే అవసరం ఉండదు.